కుట్టు మచ్చ లేని బర్రె

ఆ పురస్కారానికి దరఖాస్తు పెట్టమని నన్నెవరూ అడగలేదు. నేనే పెట్టుకున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది. ఎందుకంటే తర్వాత శాలువా కప్పిన రోజు వేదిక మీద ఒక పెద్దాయన "వెతుక్కుంటూ వచ్చిన గుర్తింపు" అని పొగిడితే నేను తల వంచుకుని విన్నాను. అది వెతుక్కుంటూ ఏమీ రాలేదు. పదకొండు పేజీలు నేనే టైపు చేసి, ఫోటోలు అతికించి, రెండుసార్లు తప్పులు దిద్ది మరీ పంపాను.

మేం చదివిన పశువైద్య విశ్వవిద్యాలయం ఏటా ఒకరికి ఇస్తుంది దాన్ని. పరిశోధన చేసినందుకు కాదు, పాఠాలు చెప్పినందుకు కాదు. పశువు పక్కన నిలబడి, చేత్తో వైద్యం చేసి, దాన్ని లేపి ఇంటికి పంపినందుకు. అందుకే నాకది కావాలనిపించింది. చదువుకునే రోజుల్లో సర్జరీ చెప్పిన మా మాస్టారు మా బ్యాచ్ అమ్మాయిలందరికీ ఒకే సలహా ఇచ్చేవారు. "పెద్ద పశువుల ఆపరేషన్లు మీ వల్ల కావమ్మా, ఏ మైక్రోబయాలజీయో తీసుకోండి, ఫ్యాను కింద కూర్చోవచ్చు" అనేవారు. తిట్టినట్టు కాదు, సొంత కూతుళ్లకు చెప్పినట్టు చెప్పేవారు. అలా చెప్పారు కాబట్టే నాకు ఇంకా మండింది. నేను వనపర్తిలో పుట్టి పెరిగిన దాన్ని. నాకు వద్దన్న పనే ముందు చేయాలనిపించే జబ్బు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఉద్యోగం గద్వాల నుంచి ధరూర్ వైపు పోయే దారిలో ఒక పల్లెలో వచ్చింది. ఊరి పేరు రాయను. రెండు గదుల పశువుల దవాఖాన, ముందు పశువును నిలబెట్టి కట్టడానికి ఇనుప పైపుల చట్రం, నేను, ఒక కాంపౌండర్. ఆయనది ఆ పక్క ఊరే. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఏ ఇంట్లో ఏ గొడ్డు ఎన్నో ఈతలో ఉందో రిజిస్టరు చూడకుండా చెప్పేవాడు.

ఆ చుట్టుపక్కల విత్తనపత్తి ఎక్కువ వేస్తారు. మగ వరుసల పుప్పొడిని ఆడ వరుసల పూలకు చేత్తో అద్దుతారు, దాన్ని క్రాసింగ్ అంటారు. అద్దిన పువ్వుకు గుర్తుగా దారం ముక్క కడతారు. పంట ఏరేశాక చేలోకి పశువులను వదులుతారు. అవి ఆకుతోపాటు ఆ దారాలు, గట్ల మీద ఎగిరే ప్లాస్టిక్ కవర్లు అన్నీ మేస్తాయి. ఏడాదికో రెండేళ్లకో అవన్నీ పెద్ద పొట్టలో ఉండ కట్టి, పశువు నెమరు వేయడం మానేస్తుంది. కడుపు ఉబ్బుతుంది, పాలు ఆగిపోతాయి, ఎముకలు తేలతాయి. నేను వచ్చేవరకు అలాంటివాటిని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లమని రాసిచ్చేవారు. బర్రెను పట్నం ఎవరు తీసుకెళ్తారు? కోతకు అమ్మేసేవాళ్లు.

నేను అక్కడే కోయడం మొదలుపెట్టాను. ఎడమ డొక్క మీద మత్తు సూదులు వేసి, పశువు నిలబడి ఉండగానే జానెడున్నర కోసి, పొట్ట తెరిచి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి తీయాలి. మొదటి రోజు ఒక ఎద్దును కోస్తుంటే సగం ఊరు వచ్చి చూసింది. గాజులు తీసి కాంపౌండర్ చేతికిస్తే ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఒక ముసలాయన తన కోడలి వైపు తిరిగి, "బాసండ్లు తోమనీకె మూతి ముడుస్తవ్. గీ డాక్టరమ్మను జూడు, గొడ్డు కడుపుల చెయ్యి వెట్టింది" అన్నాడు. కోడలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, పాపం, నా వల్ల ఆమెకు తిట్లు. ఆ ఎద్దు బతికింది. నాలుగు రోజులకే నెమరు వేసింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటో ట్రాలీల్లో పశువులు రావడం మొదలైంది. మూడేళ్లలో ముప్పై నాలుగు ఆపరేషన్లు చేశాను.

రిజిస్టరులో చివరి గడి పేరు "ఫలితం". దాన్ని నింపడానికి నాకు ముందున్నవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు, నేనూ అదే పట్టుకున్నాను. పశువు తగ్గకపోతే యజమాని మళ్లీ వస్తాడు. మళ్లీ రాలేదంటే బాగైనట్టే. కుట్లు తీయడానికి పన్నెండో రోజు కాంపౌండర్ మోటారు సైకిలు మీద ఇళ్లకు వెళ్లేవాడు. తిరిగి వచ్చాక అడిగితే, "పోయొచ్చిన మేడం" అనేవాడు. నేను "కోలుకుంది" అని రాసుకునేదాన్ని. ముప్పై నాలుగు గడుల్లోనూ అదే మాట ఉంది. ఎంత మంచి డాక్టరైనా ముప్పై నాలుగుకు ముప్పై నాలుగు బతికించలేరని చదువుకున్నదాన్ని, నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పొగడ్త తాగినవాళ్లకు అనుమానం రాదు.

ఇక ఆ బర్రె సంగతి.

దాన్ని తోలుకొచ్చిన అక్క కూలి మనిషి. క్రైస్తవులు. భర్త పుణెలో సెంట్రింగు పనిలో ఉన్నాడు. అంతకుముందు ఏటా పంటలు అయిపోగానే ఇద్దరూ కూలీలను వలస తీసుకెళ్లే మేస్త్రి బండి ఎక్కేవాళ్లు, కూతురిని కూడా తీసుకుని. పిల్ల ఒక ఏడు ఇక్కడ బడిలో, ఒక ఏడు అక్కడ ఇసుక కుప్పల మీద పెరిగింది. ఆ బర్రెను కొన్నాక అక్క పోవడం మానేసింది. పాలు పోసుకుంటూ, చేలల్లో కూలికి పోతూ ఊళ్లోనే ఉండిపోయింది. పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చింది. ఒకే బడిలో వరసగా మూడేళ్లు కూర్చోవడం ఆ పిల్లకు అదే మొదటిసారి.

"ఇది బత్కితె మేం ఈడుంటం డాక్టరమ్మ. ల్యాకుంటె మల్ల బండెక్కుడే" అంది అక్క, బర్రె నుదురు నిమురుతూ. ఏడవలేదు. పని ఎంత ఉందో చెప్పినట్టు చెప్పింది.

పిల్ల పలుపు పట్టుకుని బర్రె మొహం దగ్గర నిలబడి ఆపరేషన్ అయ్యేదాకా దానితో ఏదో మాట్లాడుతూనే ఉంది. నేను తీసి తట్టలో వేస్తున్న ఉండల్లోంచి ఒక దారం పోగు లాగి చూసి, "మేడం, గీ ఎర్ర దారం నేను కట్టిందే. సెలవులల్ల కూలికి వోయి సేను మొత్తం నేనే కట్టిన" అని గట్టిగా నవ్వింది. తల్లి "నోర్ముయ్" అంది. తట్ట నిండింది. ఇంకా సగం తట్ట వచ్చింది. కుట్లు వేసి అయ్యాక ముగ్గురినీ వరసగా నిలబెట్టి ఫోన్లో ఫోటో తీశాను: అక్క, పిల్ల, బర్రె, ముందు ఆ దారాల తట్ట. మంచి ఫోటో. తీస్తున్నప్పుడే అనుకున్నాను, దరఖాస్తులో మొదటి పేజీకి ఇదే అని.

సూదులు, మాత్రలు, పుండు దగ్గర ఈగలు వాలకుండా రాసే మందు, అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. మేత గురించి మాత్రం ఒక్క మాటా చెప్పలేదు. "మేపుడు సంగతి నీకు నేను చెప్పాలా అక్కా" అన్నాను. గౌరవంగానే అన్నాను. పుట్టినప్పటి నుంచి గొడ్లతో బతికిన మనిషికి పుస్తకాల్లో చదివిన నేను మేత పెట్టడం నేర్పడమేమిటనిపించింది.

ఆమె మళ్లీ రాలేదు. "కోలుకుంది" అని రాసుకున్నాను.

దరఖాస్తు పంపిన రెండు నెలలకు మా మాస్టారు ఫోన్ చేశారు. రిటైరయినా ఎంపిక కమిటీలో ఉన్నారట. గొంతులో ఆశ్చర్యం దాచుకోలేదు. "ఇవన్నీ నువ్వే కోశావా? ఒక్కదానివే? ఆ షెడ్డులోనా?" అని మూడుసార్లు అడిగారు. నేను గాల్లో తేలాను, అబద్ధం ఎందుకు. చివర్లో ఆయన, "ఒక్క పని చెయ్యమ్మా. ఓ ఐదు కేసులకు ఇప్పటి ఫోటోలు పంపు. ఎడమ డొక్క మీద కుట్టు మచ్చ కనబడాలి. కమిటీలో ఒకరిద్దరు అడుగుతున్నారు" అన్నారు.

మర్నాడే బయల్దేరాను. మొదట ఆ అక్క ఇంటికే వెళ్లాను. కాంపౌండర్‌ను రమ్మంటే కడుపులో బాగాలేదన్నాడు.

ఇంటికి తాళం ఉంది. పక్కింటి పెద్దమ్మ నన్ను గుర్తుపట్టి గబగబా బయటికి వచ్చి మంచం వాల్చింది. "ఆల్లు పుణె వోయిన్రు బిడ్డా" అంది. బర్రె ఉండగా ఎందుకు పోయారని అడిగాను. పెద్దమ్మ ఒక క్షణం కొంగు సర్దుకుంది.

"బర్రె మాతాన్నే ఉన్నది బిడ్డా. సాకమని ఇచ్చి వోయింది" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. కొట్టంలోకి తీసుకెళ్లింది. నిగనిగలాడే బర్రె, గాటికాడ చొప్ప నములుతోంది. పెద్దమ్మ దాని ఎడమ పక్కన గోడలా నిలబడింది. "ఈ దిక్కు రాకు బిడ్డా, తంతది. ఆడికెల్లే తియ్యి ఫోటువ" అంది. నాకు కావాల్సింది ఎడమ పక్కే కదా, వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లాను. డొక్క మీద చెయ్యి వేసి నిమిరాను. వెంట్రుక కూడా చెదరలేదు. కత్తి తగలని చర్మం నా చేతికి తెలియదా!

"పెద్దమ్మా, ఇది ఆ బర్రె కాదు" అన్నాను.

"నల్లగనే ఉన్నది గదా బిడ్డా" అంది పెద్దమ్మ.

ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని. పెద్దమ్మ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి, ఇంతటితో ఫోటో తీసుకుని వెళ్లిపో తల్లీ అని. నేను వెళ్లలేదు. అక్కడే కుడితి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె కూడా పక్కన కూర్చుని చెప్పింది.

"అది ఎప్పుడో ఎల్లిపాయె. నువ్వు కోసినంక నాలుగో దినం. నీది తప్పేం ల్యాదు బిడ్డా, మంచిగనే చేసినవ్. ఇంటికొచ్చినంక దాని కడుపు జూస్తె ఇంత లోపలికి వోయి ఉన్నది. పాపం కాలీ కడుపు గదా అని జొన్న గట్క వండి పోసిన్రు. బకిట బకిట తాగింది. మేమంత సంతోషపడితిమి. మూడొద్దులకు కడుపు బిర్రయింది. నీళ్ల లెక్క పారింది. పండుకున్నది, మల్ల ల్యావలే."

బకెట్ అన్న దగ్గరే నాకు అర్థమైంది. అన్నేళ్లుగా నిండి ఉన్న పొట్టను నేను ఒక్క పూటలో ఖాళీ చేశాను. అలాంటి పొట్టలోకి ఉడికిన జొన్న బకెట్లకొద్దీ పోస్తే లోపల పులిసి, విషమై కూర్చుంటుంది. నాలుగు రోజులు పచ్చగడ్డి, ఎండు చొప్ప కొంచెం కొంచెంగా పెట్టాలి. రెండో సంవత్సరం పాఠం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ ఒక్క ముక్క ఆ రోజు చెప్పి ఉంటే చాలు.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా? నాలుగో రోజు కాకపోతే ఐదో రోజైనా చెప్పొచ్చు కదా!" అని అరిచాను. ముసలామె మీద అరిచాను.

"వైద్యం చేసిన మనిషికి సావు చెప్తరా బిడ్డా?" అంది ఆమె, నాకు ఇంత చిన్న విషయం తెలియనందుకు ఆశ్చర్యపోతూ.

దవాఖానకు తిరిగి వచ్చేసరికి కాంపౌండర్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. నీకు తెలుసా అంటే తెలుసన్నాడు. ఎన్ని అంటే వేళ్ల మీద లెక్క పెట్టబోయాడు. ఆ వేళ్లు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఒక్క మాటకూ అడ్డం రాలేదు. నేను అలిసిపోయాక మెల్లగా అన్నాడు:

"మీకంటె ముందల ఒక సారుండె మేడం. మంచి చెయ్యి. అడ్డం తిరిగిన దూడల్ని కోసి తీస్తుండె. ఒక పారి నేనే వోయి చెప్పిన, సార్, ఫలానోళ్ల ఆవు సచ్చిపాయె అని. ఆయన ఏం అన్లే. ఆ దినం సంది మల్ల కత్తి వట్టలే. ఏ గొడ్డు వచ్చినా పట్నం తీస్కవోండ్రి అని రాసిచ్చుడే. ఎన్ని గొడ్లు వోయినయో నాకే ఎరుక. గందుకే ఈడ ఎవ్వరు చెప్పరు మేడం. సావు ఇన్న చెయ్యి బయపడ్తది."

ఇది నాకు కొత్త విషయం కాదు. వనపర్తిలో నా చిన్నప్పుడు మా మేక పసరు తాగిన మర్నాడే చచ్చిపోయింది. పసరు పోసిన తాత వారం తర్వాత వీధిలో కనబడి ఎట్లుందని అడిగితే మా నానమ్మ, "మంచిగ తిరుగుతుంది" అంది. నేను నానమ్మ కొంగు పట్టుకుని విన్నాను. తెలిసీ, నా రిజిస్టరు దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను. ఆ తాతకు చెప్పని మాట నాకు చెబుతారని ఎట్లా అనుకున్నానో!

ఆ తర్వాత మూడు వారాలు ముప్పై నాలుగు ఇళ్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ముందు "మంచిగుంది" అన్నారు. చూపించమంటే మేతకు పోయిందన్నారు, వియ్యాలవారింటికి ఇచ్చామన్నారు, ఒకాయనైతే అమ్మేశామని దేవుడి మీద ఒట్టేశాడు. బతిమాలితే, కూర్చుంటే, మంచినీళ్లు తాగితే అప్పుడు చెప్పారు. తొమ్మిది పశువులు లేవు. వాటిలో ఆరిళ్లలో నేను అడగకముందే గట్క మాట వచ్చింది. మొదటిది చచ్చినప్పుడే ఎవరైనా నాకు చెప్పి ఉంటే మిగతా ఐదింటికీ ముందే జాగ్రత్త చెప్పేదాన్ని. ఆ అక్క బర్రె ఆరింటిలో చివరిది.

దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని మాస్టారికి రాశాను. ఏ పశువు ఎప్పుడు, ఎలా పోయిందో, నేనేం చెప్పలేదో అంతా రాశాను. ఆయన తిడతారని ఎదురుచూశాను. తిట్లు నాకు కావాలి కూడా. ఆయన ఫోన్ చేసి, "ఇలాంటి ఉత్తరం ఈ పురస్కారానికి ఇంతవరకు రాలేదమ్మా. కమిటీ అందరికీ చదివి వినిపించాను. నీకే ఇస్తున్నారు" అన్నారు. నాకు సంతోషం కలగలేదు. నేను చేసిన తప్పును నిజాయితీగా రాసినందుకు నాకు పతకం. ఆ తప్పు వల్ల ఊరు వదిలినవాళ్లకు పుణెలో సెంట్రింగు. వద్దని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. లోపల ఎక్కడో మాస్టారి చేతుల మీదుగా తీసుకోవాలని ఉంది. ఆ ఆశకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

తీసుకున్నాను. శాలువా, పతకం, చప్పట్లు. దవాఖాన గోడకు ఊరివాళ్లు నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. పట్నం నుంచి బస్సులో తిరిగి వస్తుంటే బీచుపల్లి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఆగింది. కింద కృష్ణలో నీళ్లు బాగా తగ్గి బండలు కనబడుతున్నాయి. పక్కవాళ్లు గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంటున్నారు. నేను ఫోన్ తీసి ఆ అక్క నంబరు నొక్కాను. ఒక్క రింగు వెళ్లగానే కట్ చేశాను. నిమిషంలోనే ఆమె తిరిగి చేసింది.

"డాక్టరమ్మా, ఫోన్ చేసినవా?"

వెనక కాంక్రీటు కలిపే మిషను చప్పుడు వినిపిస్తోంది.

"లేదక్కా, పొరపాటున తగిలింది" అన్నాను.

"మంచిగున్నవా?" అంది. బాగున్నానన్నాను. "నీ బర్రె ఎట్లుంది?" అని నేను అడగలేదు కాబట్టి ఆమె అబద్ధం చెప్పాల్సిన అవసరం పడలేదు.

ఆ తర్వాత నెల రోజులు నేను కత్తి పట్టలేదు. కాంపౌండర్ చెప్పింది నిజమే, చెయ్యి భయపడుతుంది. రెండు పశువులకు పట్నం తీసుకెళ్లమని రాసిచ్చాను. మూడోది వచ్చినప్పుడు కాంపౌండర్ నన్ను ఏమీ అడగకుండా మత్తుమందు సీసా తెచ్చి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. చేశాను. అయ్యాక యజమానిని కూర్చోబెట్టి మేత సంగతి పిల్లల చేత ఎక్కం చెప్పించినట్టు చెప్పించుకున్నాను. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో తెలకపల్లి మండలంలో పనిచేస్తున్నాను, ఇక్కడా అంతే. "ఏందమ్మా, మాకు మేపుడు తెల్వదా" అని కోప్పడతారు. పడనీ. చచ్చిపోతే వచ్చి చెప్పమని కూడా ప్రతివాళ్లకూ చెబుతాను. సరే అంటారు. ఇప్పటివరకు వచ్చి చెప్పినవాళ్లు ఇద్దరే.

బదిలీ కాకముందు, ఆ పాత దవాఖానలోనే, ఎండాకాలం మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం ఆ అక్క వచ్చింది. నల్లబడింది, అరచేతులు పగిలి ఉన్నాయి. పిల్లకు ఓపెన్ టెన్త్ కట్టించడానికి బడిలో కాగితాలు తీసుకుందామని వచ్చారట. పిల్ల బయట చెప్పులు విడుస్తోంది.

"నీకు బంగారు బిళ్ళ వచ్చిందంట గదా డాక్టరమ్మ. ఫోన్ల జూసినం. మా బర్రె ఫోటువ గూడ ఉన్నదంట" అంది నవ్వుతూ. నిజంగా సంతోషంగా ఉంది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

"అక్కా, నీ బర్రె చచ్చిపోయిన సంగతి నాకు తెలుసు" అన్నాను.

ఆమె నవ్వు పోయింది. "ఎవరు చెప్పిన్రు? ఆ ముసల్దేనా?" అని పెద్దమ్మను తిట్టబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపి చెప్పేశాను. నెలల తరబడి మనసులో ఎన్నోసార్లు వల్లె వేసుకున్న మాటలే. ఆపరేషన్ అయిన పశువుకు గట్క పోయకూడదు. ఆ మాట నేను చెప్పలేదు. తప్పు నాది. నీ బర్రె నా వల్ల పోయింది. అంతా ఒక్క గుక్కలో చెప్పాను. నాకు బరువు దిగినట్టే అనిపించింది.

ఆమె నా చెయ్యి విడిపించుకుంది. గుమ్మం వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"గట్క నేను పొయ్యలే డాక్టరమ్మ. నేను కూలికి వోయిన. పిల్ల పోసింది. దాని వంతు, నా వంతు, అంత బర్రెకే పోసి, మూడొద్దులు తినకుండ బడికి వోయింది. పిల్లకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత."

నేను ఆ మాట వింటూ ఉండగానే పిల్ల లోపలికి వచ్చింది. ఎత్తు పెరిగింది. నాకు నమస్తే పెట్టి, గోడ మీది పశువుల బొమ్మలు చూస్తూ కాసేపు నిలబడింది. తల్లి నన్నే చూస్తోంది. పిల్ల ఒక్కసారిగా నా వైపు తిరిగి అడిగింది.

"మేడం, అంత మంచిగ ఆపరేషన్ అయినంక మా బర్రె ఎందుకు సచ్చిపాయె?"

తల్లి "ఏయ్" అంది. వైద్యం చేసిన మనిషి ముందు అనకూడని మాట అనేసింది కదా. పిల్ల వెనక్కి తగ్గలేదు. ఇన్నాళ్లుగా ఎవరినీ అడగలేక, నన్నే అడుగుదామని దాచుకుని తెచ్చుకున్న ప్రశ్న అది. ముప్పై నాలుగు ఇళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే. నిజమైన జవాబు దొరకాల్సిన పిల్ల ఎవరైనా ఉంటే అది ఈ పిల్లే.

"లోపల ఒక ఇనుప తీగ ఉండెనమ్మా. గుండె పక్కన గుచ్చుకుని ఉంది. ఆ రోజు నా చేతికి దొరకలేదు" అన్నాను.

పిల్ల నా చేతులకేసి చూసింది.

"దొర్కకుంటె ఏం జేస్తరు మేడం, మీరు మంచిగనే ఎతికిన్రు. పరేషాన్ కాకుండ్రి" అంది.